మెడకి మార్కులు వేసే ముందు

పోయిన నెల ఫిజియోథెరపిస్టుల వర్క్‌షాపు ఒకదానికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఒక కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు అగ్గిపెట్టెంత సెన్సార్‌ని ఎలాస్టిక్ బ్యాండుతో మాలో ఒకమ్మాయి నుదుటికి కట్టాడు. కళ్ళు మూసుకోమన్నాడు, తల కుడివైపుకి తిప్పి మళ్ళీ మొదట ఉన్నచోటికే తెచ్చుకోమన్నాడు. ఎన్ని డిగ్రీలు తప్పిందో ట్యాబ్‌లో 5.2 అని ఎర్రరంగులో పడింది, కింద మెడ స్థితి జ్ఞానం తగ్గింది అని ఒక వాక్యం. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయికి ఏనాడూ మెడనొప్పి లేదు. సాయంత్రం బస్సులో నా పక్కనే కూర్చుంది, ఏలూరు వచ్చేలోపు మూడుసార్లు మెడ వెనక చెయ్యి పెట్టుకుని చూసుకుంది. చివరికి ఉండబట్టలేక, "అక్కా, నాకేమన్నా ఉందంటారా?" అని అడిగింది.

రోజూ పదిమంది మెడలు చూసే పిల్లకే ఆ ఎర్ర అంకె అంత భయం పెట్టిందంటే, ఎముకల డాక్టరు చీటీ పట్టుకుని మా దగ్గరికి వచ్చే మనిషికి ఎలా ఉంటుంది? అప్పట్నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. ఇలాంటి సెన్సార్లు క్లినిక్‌లోకి రావాలనే నా కోరిక. కానీ ఒక్కసారి తల తిప్పించి ఒక్క అంకె చేతిలో పెట్టే పద్ధతిలో వస్తే మాత్రం, ఇప్పటికే ఎక్స్‌రేలో "అరిగిపోయింది" అన్న మాట చేసిన నష్టం చాలక ఇంకొకటి తోడవుతుందని నా భయం.

కళ్ళు మూసుకుంటే

ఈ పరీక్ష గురించి నేను పేషెంట్లకి చెప్పే మాట ఒకటే. చీకట్లో కరెంటు పోయినా అన్నం ముద్ద తిన్నగా నోటికే వెళ్తుంది, ముక్కుకి తగలదు. చెయ్యి ఎక్కడుందో చూడకుండానే చేతికి తెలుసు. మెడకీ అలాంటి ఎరుక ఉంది, అందులోనూ పుర్రె కింద, మెడ పైభాగంలో లోపలగా ఉండే చిన్న కండరాల్లో మరీ ఎక్కువ. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్ళు 2001లో ఈ కండరాల్లో ఉండే స్పిండిల్స్‌ని, అంటే కండరం ఎంత సాగిందో మెదడుకి కబురు చేసే సన్నటి నిర్మాణాలని లెక్కపెట్టారు. గర్భస్థ పిండాల కండరాల మీద చేసిన ఆ పనిలో ఒక్క చిన్న కండరంలోనే గ్రాముకి 242 వచ్చాయి. అంత దట్టంగా కబుర్లు వెళ్ళే చోట ఏదన్నా తేడా వస్తే కళ్ళు ఒకటి చెప్తాయి, లోపలి చెవి ఒకటి చెప్తుంది, మెడ ఇంకొకటి చెప్తుంది. మనిషి మాత్రం "తల తిరగట్లేదండీ, అలాగని బాగానూ లేదు, తూలినట్టుంటుంది" అంటాడు.

దీన్ని కొలవడానికి ప్యారిస్‌లో రెవెల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1991లో వేసిన పద్ధతే ఇప్పటికీ అందరికీ ఆధారం. తలకి లైటు కట్టి, 90 సెంటీమీటర్ల దూరంలో గోడ మీద గుండ్రటి చార్టు పెట్టి, కళ్ళకి గంత కట్టి తల తిప్పించి, మళ్ళీ మొదటి చోటికి తెమ్మని, ఎంత తేడా వచ్చిందో చూడటం. మెడనొప్పి ఉన్నవాళ్ళు 30 మంది, లేనివాళ్ళు 30 మంది. ఆ రెండు గుంపుల్నీ విడదీసే గీత 4.5 డిగ్రీల దగ్గర పడింది. ఆ దూరంలో ఒక డిగ్రీ అంటే చార్టు మీద సుమారు సెంటీమీటరున్నర, 4.5 డిగ్రీలంటే ఏడు సెంటీమీటర్లు. నా క్లినిక్‌లో ఉన్నదీ అదే. ప్లాస్టిక్ హెడ్‌బ్యాండు, స్టేషనరీ షాపులో దొరికే లేజర్ లైటు, గోడకి అంటించిన తెల్ల చార్టు, కాంపాస్‌తో గీసుకున్న గుండ్రాలు.

రెండేళ్ళ కిందట ఒక ఆటో ఆయన వచ్చాడు. హైవే మీద ఆగి ఉన్న ఆటోని వెనక నుంచి లారీ గుద్దింది. దెబ్బలేమీ లేవు, స్కానింగ్ బాగానే ఉంది, మెడ అన్ని వైపులా తిరుగుతోంది. మూడు నెలల్నుంచి తిరిగిన ప్రతిచోటా "నీకేం లేదు" అన్నారట. "ఏం లేకపోతే వెనక బండి చూసి ముందుకి తిరగ్గానే రోడ్డు ఒక పక్కకి ఒరిగినట్టు ఎందుకుంటది మేడమ్?" అన్నాడు. ముందు చెవి వైపు సమస్యలు, రక్తప్రసరణ వైపు సమస్యలు లేవని డాక్టరు చేత నిర్ధారణ చేయించుకుని (ఆ మెట్టు దాటకుండా ఎవరూ మెడ మీద నింద వెయ్యకూడదు) లేజర్ పెట్టి కూర్చోబెట్టాను. ఎడమవైపు తిప్పి వచ్చినప్పుడు చుక్క మధ్య గుండ్రంలోనే ఆగేది. కుడివైపు తిప్పి వచ్చినప్పుడల్లా అరచేతి వెడల్పున దాటి పోయేది, ప్రతిసారీ ఒకే వైపుకి. కళ్ళు తెరిచి చార్టు మీద ఆ ఎర్ర చుక్క చూసుకుని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నేను అబద్ధం చెప్పట్లేదన్నమాట" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు, నాతో అయితే కాదు.

ఈ పరీక్ష మీద నాకున్న ప్రేమంతా ఆ మాటలోనే ఉంది. అందుకే దాన్ని ఎవరన్నా పాడుచేస్తారేమోనంటే కంగారు.

జడపిన్నులు

వర్క్‌షాపు నుంచి వచ్చాక కంపెనీ వాళ్ళని అడిగి ఒక సెట్టు రెండు వారాలు వాడి చూడ్డానికి తీసుకున్నాను. మొదటి రోజు వచ్చినామె టైలరింగ్ చేస్తుంది, మెడ వంచి పన్నెండేళ్ళ నుంచి మిషను కుడుతోంది. ఒత్తైన జుట్టు, కొబ్బరినూనె రాసి గట్టిగా వేసిన జడ, చెవుల మీద రెండేసి పిన్నులు. బ్యాండు కట్టాను. రెండోసారి తల తిప్పేసరికి నూనెకి అది జారి వెనక్కి పోయింది. తువ్వాలుతో తుడిచి మళ్ళీ కట్టాను. కళ్ళు గట్టిగా మూసుకోమంటే నుదురు ముడతలు పడి సెన్సార్ తలతో పాటు కాకుండా చర్మంతో పాటు కదిలింది. గట్టిగా కాదమ్మా, నిద్రపోతున్నట్టు మూసుకో అన్నాక కుదిరింది. ఇవన్నీ దాటాక వచ్చిన అంకె ఏడు చిల్లర. పిన్నులు తీయించి చేస్తే మూడున్నర.

పిన్నుల వల్లే అని నేను ప్రమాణం చెయ్యలేను. అంతలో ఆమె పద్ధతి తెలుసుకుని కూడా ఉండొచ్చు. కానీ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే అనుమానం పడాల్సిందే. తల ముందుకి వంచినా, పక్కకి వాల్చినా సెన్సార్‌కి భూమి ఎటుందో తెలుస్తుంది కాబట్టి ఎంత వంగిందో చెప్పడం దానికి తేలిక. కూర్చున్న మనిషి తల కుడికీ ఎడమకీ తిప్పితే మాత్రం భూమి ఉన్న దిక్కు మారదు. అప్పుడు దానికి మిగిలినవి రెండే ఆధారాలు. ఒకటి, తిరిగిన వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోయే గైరోస్కోపు. అది సమయం గడిచేకొద్దీ మెల్లగా దారి తప్పుతుంది. రెండోది దిక్సూచిలాంటి మాగ్నెటోమీటర్. అది ఇనుము దగ్గరుంటే దారి తప్పుతుంది. మన క్లినిక్‌లో ఇనుము లేనిది ఎక్కడ? స్టీలు మంచం, మెడ లాగే ట్రాక్షన్ స్టాండు, గోడలో చువ్వలు, పేషెంటు జుట్టులో పిన్నులు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, మెడ విషయంలో మనం ఎక్కువగా చేయించేదే ఆ కుడి ఎడమ పరీక్ష. పరికరానికి అన్నిటికన్నా కష్టమైనదీ అదే.

దారి ఉంది. ప్రతి ప్రయత్నానికి ముందూ కళ్ళు తెరిపించి, ఎదురుగా ఉన్న గుర్తు చూపించి, సెన్సార్‌ని మళ్ళీ సున్నాకి తెచ్చుకోవాలి. ఒక్కో ప్రయత్నం పది సెకన్లకి మించదు కాబట్టి అంతలో గైరోస్కోపు పెద్దగా తప్పదు. మాగ్నెటోమీటర్‌ని ఆపేసే వీలుంటే ఆపెయ్యొచ్చు. వర్క్‌షాపులో మొదట్లో ఒక్కసారి సున్నా చేసి, కబుర్లు చెప్పుకుంటూ రెండు నిమిషాల తర్వాత పరీక్ష చేశారు. ఆ 5.2లో మెడది ఎంత, సెన్సార్‌ది ఎంత అన్నది ఇక ఎవరూ విడదీయలేరు.

ఒకే సగటు, ఇద్దరు మనుషులు

ఇంతకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది సగటు. ఒకామెకి ఆరుసార్లు చేయిస్తే 2, 3, 9, 1, 8, 2 డిగ్రీలు వచ్చాయనుకోండి. ఇంకొకాయనకి 4, 4, 5, 4, 4, 4, అన్నీ ఒకే వైపుకి. ఇద్దరి సగటూ 4.2 దగ్గరే. ట్యాబ్ ఇద్దరికీ పచ్చరంగే చూపిస్తుంది. కానీ మొదటామె మెడ నాలుగుసార్లు బాగా గుర్తుపట్టి రెండుసార్లు పూర్తిగా తప్పిపోయింది, అలసటో, భయమో, తొందరో, నొప్పి పోటో అడిగి తెలుసుకోవాలి. రెండో ఆయన మెడ కుదురుగా ఉంది, కాకపోతే తను నిటారు అనుకునే చోటే కొంచెం పక్కకి ఉంది. ఇద్దరికీ చెప్పాల్సిన ఎక్సర్‌సైజులు ఒకటి కావు. ఆ ఆటో ఆయనకి ప్రతిసారీ ఒకే వైపుకి దాటేది. ఏ వైపుకి దాటిందో వదిలేసి ఎంత దాటిందో మాత్రమే రాసుకుని ఉంటే నాకు సగం సంగతి తెలిసేదే కాదు.

సెన్సార్‌లో ఇదంతా ఉంటుంది. ప్రతి ప్రయత్నం, ఏ వైపు, ఎంత వేగంతో, మధ్యలో ఎక్కడ తడబడింది, అన్నీ. మన ముందుకి వచ్చే రిపోర్టులో మాత్రం ఒక రంగు, ఒక అంకె. ఆ గీత కూడా 4.5 దగ్గరే గీశారు, అంటే ప్యారిస్‌లో తలకి లైటు కట్టి గోడ మీద కొలిచిన గీతని ఏలూరులో నుదుటికి కట్టిన చిప్పు మీద పెట్టారు. కూర్చోబెట్టిన తీరు వేరు, ఎన్నిసార్లు చేయించారన్నది వేరు, కొలిచే వస్తువు వేరు. పైగా నొప్పి ఉన్నవాళ్ళ సగటుకీ లేనివాళ్ళ సగటుకీ మధ్య తేడా చాలా పరిశోధనల్లో ఒకటి రెండు డిగ్రీలే. సెన్సార్‌ని సరిగ్గా కట్టకపోతే దాని తప్పూ అంతే. తూకంలో పోయే బియ్యమూ, తక్కెడ తప్పూ ఒకే ఎత్తు ఉన్నప్పుడు ఒక్క తూకం చూసి గింజ లెక్కలు చెప్పకూడదు కదా.

పెద్దవాళ్ళ సంగతి ఇంకా ఉంది. వయసుతో ఈ తేడా పెరుగుతుంది. డెబ్భై ఏళ్ళాయనకి ఐదు డిగ్రీలు వచ్చిందని జబ్బు అంటగట్టేస్తే, ఆయన ఇంటికి వెళ్ళి మెడకి కాలర్ వేసుకుని కదలకుండా కూర్చుంటాడు. కదలకపోతే మెడకి ఆ ఉన్న ఎరుకా పోతుంది.

మా జూనియర్ వాదన

మా క్లినిక్‌లో నాతో పనిచేసే అమ్మాయి (బస్సులో నన్ను అడిగింది తనే) నాతో ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

"అక్కా, లేజర్ మాత్రం ఏం సత్యహరిశ్చంద్రుడు?" అంది. పేషెంటు కుర్చీలో ఒక సెంటీమీటరున్నర పక్కకి జరిగితే చుక్క కూడా అంతే జరుగుతుంది, తల ఇంచు కూడా తిరక్కపోయినా చార్టు మీద ఒక డిగ్రీ తప్పు పడుతుంది. చుక్క ఒక చోట నిలవదు, వణుకుతుంది, ఎక్కడ పెన్సిలు పెట్టాలన్నది నా ఇష్టం. నేను పెట్టిన చోటుకీ తను పెట్టిన చోటుకీ తేడా వచ్చిన రోజులు ఉన్నాయి. రెండో సెన్సార్‌ని రొమ్ము ఎముక మీద కడితే మొండెం ఎంత కదిలిందో దాంట్లోంచి తీసేసి తల ఒక్కటే ఎంత తిరిగిందో చెప్తుంది. లేజర్‌కి అది ఏనాటికీ రాదు. తల తిప్పుతున్నప్పుడు మధ్యలో ఎక్కడ గతుకు పడిందో, భయపడి ఎక్కడ నెమ్మదించారో కూడా గోడ మీద చుక్క చెప్పదు. కొన్నిసార్లు చివరి తేడా కన్నా ఆ గతుకే ముఖ్యం. ఆటో ఆయనకి ఇది ఉండి ఉంటే మూడో వారంలో మెరుగైందని మనకి తెలిసేది, మనం ఐదో వారం దాకా చూశాం అంది.

నిజమే. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. అంతేకాదు, ఇంటి దగ్గర ఎక్సర్‌సైజులు చేసేవాళ్ళకి రోజూ చూసుకునే వీలుంటే ఎంత ఉత్సాహంగా ఉంటుందో నేను చూశాను. రెవెల్ వాళ్ళే 1994లో 60 మందితో ఎనిమిది వారాలు ఇంకో పని చేశారు. సగం మందికి కళ్ళు, తల కలిపి చేసే ఎక్సర్‌సైజులు నేర్పించారు. చూపు ఒకచోట నిలిపి తల తిప్పడం, కదిలే వస్తువు వెంట చూపు పోనివ్వడం, కళ్ళు మూసుకుని తల మొదటి చోటికి తెచ్చుకోవడం లాంటివి. ఆ సగం మందికి ఆ తేడా తగ్గింది, నొప్పీ తగ్గింది. అంటే ఇది నేర్పితే వచ్చే విద్య. మన దగ్గర మెడనొప్పి అనగానే కరెంటు పెట్టించుకుని, వేడి కాపడం పెట్టించుకుని, ట్రాక్షన్ వేయించుకుని పోవడమే వైద్యం అనుకునేవాళ్ళకి, "మీరు చేస్తే మీకే తగ్గుతుంది, ఇదిగో చూడండి" అని కళ్ళ ముందు పెట్టగలిగితే అంతకంటే ఏం కావాలి?

కాబట్టి మేమిద్దరం గొడవపడేది సెన్సార్ కావాలా వద్దా అని కాదు. ఒక్క నిమిషంలో అయిపోతుందన్న మాట దగ్గరే మా గొడవ.

మిగిలిన టైమ్ ఎవరిది

కంపెనీ కుర్రాడు మళ్ళీ మళ్ళీ చెప్పింది అదే, ఒక్క నిమిషం. రోజుకి నలభై మందిని చూసే పెద్ద ఆసుపత్రుల్లో ఆ మాటకే పడిపోతారు. కానీ ఈ పరీక్ష మీద నమ్మకం కుదరాలంటే ఒక్కో వైపుకీ కనీసం ఐదారుసార్లు చేయించాలి. రెండుమూడు సార్లకి వచ్చే సగటు ఇవాళ ఒకటి, రేపు ఒకటి చూపిస్తుంది. కుడి, ఎడమ, పైకి, కిందికి కలిపి ఇరవై నాలుగు ప్రయత్నాలు. మధ్యలో సున్నా చేసుకోవడంతో కలిపి ఒక్కోదానికి ఇరవై సెకన్లు వేసుకున్నా ఎనిమిది నిమిషాలు. బ్యాండు కట్టడం, నూనె తుడవడం, భయం పోగొట్టడం, మధ్యలో కళ్ళు తిరిగితే ఆపి మంచినీళ్ళు ఇవ్వడం కలుపుకుంటే పావుగంట. సెన్సార్ నిజంగా మిగిల్చేది పెన్సిలుతో గుర్తు పెట్టుకుని స్కేలుతో కొలిచి లెక్క కట్టే టైమ్. అది నాకు పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాల్నీ ఇంకో పేషెంటుకి అమ్ముకుంటామా, ఎదురుగా కూర్చున్న మనిషితో ఇంకో ఆరుసార్లు చేయించడానికి వాడతామా అన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఆటో ఆయన యాక్సిడెంటు కేసు నడుస్తుండగా ఆయన తరఫు వాళ్ళు నా దగ్గరికి వచ్చి "ఆ డిగ్రీల లెక్క ఏదో కాయితం మీద రాసివ్వండి" అన్నారు. మనిషి నిజం చెప్తున్నాడని నాకు తెలుసు. అయినా చెయ్యి ఆడలేదు. కావాలని తల దాటించి తిప్పడం ఎవరికైనా చేతనవుతుంది. అందుకని ఆయన చెప్పిన బాధ, నేను చూసినవి, ఏ పద్ధతిలో, ఎన్నిసార్లు చేయించాను, ఒక్కోసారి ఎంత వచ్చింది అన్నీ రెండు పేజీలు రాసిచ్చాను. అంకె ఒక్కటే రాస్తే బాగుండేదని వాళ్ళకి అనిపించి ఉండొచ్చు. కానీ రేపు అవతలి పక్షం వాళ్ళు ఇలాంటి సెన్సార్ ఒకటి ఒక్కసారి పెట్టించి, 3.9 వచ్చింది, ఇతనికి ఏమీ లేదు అని కాయితం తెస్తే? గీతకి ఇవతల పడినంత మాత్రాన రోడ్డు ఒరగడం మానదు. అంకెకి అంత అధికారం మనమే ఇచ్చేస్తే దాన్ని ఎవరు ఎటు తిప్పినా మనం ఆపలేం.

రెండు వారాలయ్యాక సెట్టు కొనేశాం. సగం డబ్బు మా జూనియర్ తనే పెడతానంటే వద్దని నేనే పెట్టాను. కంపెనీ ఇచ్చే రిపోర్టుని పేషెంటుకి ఇవ్వట్లేదు. లోపలున్న లెక్కలు బయటికి తీసుకునే వీలుంది కాబట్టి మేమే ఒక కాయితం తయారు చేసుకున్నాం. ఒక్కో వైపుకి ఆరు గడులు, ప్రతి గడిలో ఎంత, ఏ వైపుకి. కింద పిన్నులు తీశామా, జుట్టు తుడిచామా, ప్రతిసారీ సున్నా చేశామా, ముందు రోజు నిద్ర ఎలా ఉంది, ఇప్పుడు నొప్పి ఎంత. రంగుల్లేవు. గోడ మీద లేజర్ చార్టు అలాగే ఉంది, పేషెంటుకి తన తప్పు తను కళ్ళారా చూసుకోవడానికి దాన్ని మించింది లేదు.

నిన్న టైలరింగ్ చేసే ఆమె మూడోసారి వచ్చింది. పిన్నులు తనే తీసి చీర కొంగులో ముడేసుకుని కూర్చుంది. ఎడమవైపు ఆరూ అయ్యాయి. కుడివైపు నాలుగు అయ్యేసరికి గడియారం చూసి, "పిల్లాడు బడి నుంచి వచ్చే టైమ్ అయింది మేడమ్, తాళం నా దగ్గరే ఉంది" అని లేచింది. సెన్సార్ నాలుగింటికే సగటు తీసి చూపించింది. మా జూనియర్ దాన్ని రాసుకోలేదు. నాలుగు గడుల్లో అంకెలు వేసి, ఐదో గడి, ఆరో గడి ఖాళీగా వదిలి, పక్కన "పిల్లాడి బడి, వెళ్ళిపోయారు" అని రాసింది.